గుమ్మానికి రంగు, గదికి తాళం

దాదాపు 13 ఏళ్లు ఒకే రూపుతో నెట్టుకొచ్చిన డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైటు 2011లో ముస్తాబైంది; 2020 డిసెంబరులో హోమ్‌పేజీ మళ్లీ మారి డౌన్‌లోడ్ బటన్ కళ్లెదుట నిలిచింది. సంతోషం. కానీ అది నొక్కి తెచ్చుకున్న ఇన్‌స్టాలేషన్ ఫైలుతో చాలా ల్యాప్‌టాపుల్లో వైఫై పలికేదే కాదు. వైఫై చిప్‌ను నడిపే ఫర్మ్‌వేర్ ఉన్న ఫైలేమో ‘అనధికారికం’ ముద్రతో ఏ మూలో నక్కి ఉండేది. ఆ ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, స్వేచ్ఛా సిద్ధాంతం ముఖ్యం కదా అంటారు. కాదన్నదెవరు? నెట్టే అందనివాడు ఆ సిద్ధాంతాన్ని ఎక్కడ చదువుకోవాలి? అంతా స్వచ్ఛంద సేవకులే, పాపం, ఎవరిని ఆదేశిస్తామన్నది ఇంకో వాదన. ఆ సేవకులే 2022లో ఓటేసి పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో డెబియన్ 12తో ఫర్మ్‌వేర్ అధికారిక ఫైల్లోకే వచ్చేసింది. దానికి ఏ రంగూ మార్చనక్కర్లేకపోయింది. అయినా సరే, రీడిజైన్ అనగానే ఏ ఓపెన్‌సోర్స్ బృందంలోనైనా మొదటి రగడ మెనూ ఎడమనా, కుడినా అనే!