కార్బన్ ఫ్రేము ఎంచుకునే విధానం, ఏడు నెలల్లో

ఎవరైనా కొత్త సైకిలు తెస్తే మా ఆదివారం గుంపు ముందు దాన్ని ఎత్తి చూస్తుంది. గండిపేట దారిలో టీకొట్టు ముందు, పొద్దున్న ఆరున్నరకి, నలభై దాటిన ఎనిమిదిమంది మగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, రెండు వేళ్ళతో పై కడ్డీ పట్టి లేపి, "ఊఁ" అని దించుతారు. బాలింతను చూడ్డానికొచ్చిన పెద్దమ్మలు కూడా పిల్ల బరువును అంత శ్రద్ధగా అంచనా కట్టరు. ఆ ఎనిమిదిమందిలో నేనూ ఉన్నాను. మొన్న ఒక కుర్రాడు, "అన్నా, అన్నిటికీ పనికొచ్చేలా ఒకే ఒక్క కార్బన్ రోడ్ బైక్ కొందామనుకుంటున్నా, ఏ ఫ్రేమ్ తీసుకోమంటావ్?" అన్నాడు. ముప్పావుగంట మాట్లాడాను. వాడి టీ మీద మీగడ కట్టింది. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ఆ చిరాకు తగ్గకముందే ఈ మార్గదర్శి రాసిపెడుతున్నాను.

మొదట "అన్నిటికీ" అన్న మాట సంగతి తేల్చుకోండి. కొండలెక్కడానికి తేలికది, గాలిని కోయడానికి పలకలాంటిది, గతుకులకు మెత్తనిది అని కంపెనీలు చాలాకాలం మూడేసి రకాలు అమ్మాయి. ఒకటి ఉన్నవాడికి తక్కిన రెండూ లేవన్న దిగులు పుట్టేలా చూసుకున్నాయి. తర్వాత 2020లో స్పెషలైజ్డ్ వాళ్ళు గాలిని కోసే వెంజ్‌ను ఆపేసి టార్మాక్ ఒక్కటే అన్నీ చేస్తుందన్నారు. 2024లో ట్రెక్ వాళ్ళు తేలికైన ఎమోండాను తీసుకెళ్ళి మడోన్‌లో కలిపేశారు. మూడూ కొన్నవాళ్ళను ఎవరూ పరామర్శించలేదు. కాబట్టి మీరు ఒకటే కొనండి, కానీ "అన్నిటికీ" జాబితా మాత్రం బారుగా రాసుకోండి: అరకు ఘాటు, గడువులోగా ముగించాల్సిన 200 కిలోమీటర్ల బీఆర్ఎం సవారీ, ఎప్పటికైనా ఒక రేసు. నిజంగా తొక్కే దారిని అందులోకి రానివ్వకండి. నేను తొక్కేది ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకు. పైన సోలార్ పలకల కప్పు. ఎండ కూడా తగలదు.

బరువు ఎప్పుడూ గ్రాముల్లోనే మాట్లాడాలి. ఎనిమిది వందల గ్రాముల ఫ్రేము అని రాస్తే, అది చాలాసార్లు మధ్య సైజుది, రంగు వేయకముందు తూచింది, ఫోర్కు కలపనిది అని గుర్తుచేసేవాళ్ళతో స్నేహం మానుకోండి. మూడొందల గ్రాములు తగ్గితే ఏమొస్తుందో లెక్క నేనే చేశాను. మనిషీ, సైకిలూ, నీళ్ళూ, నిక్కరూ అన్నీ కలిపి తొంభై కిలోలు అనుకుంటే, అరగంట పట్టే ఘాటులో ఆరు సెకన్లు మిగులుతాయి. తీసిపారేసే సంగతేం కాదు, 1989లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ మొత్తాన్ని ఎనిమిది సెకన్లతో గెలిచాడు. ఆయన ఆ ఎనిమిది సెకన్లు లారెంట్ ఫిన్యాఁ దగ్గర లాక్కున్నాడు. నేను నా ఆరూ నెయ్యి కారం దోశ దగ్గర పెట్టి వచ్చేస్తాను. రేసు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2000 నుంచీ నియమం పెట్టింది. మన గుంపులో అందరికీ ఆ నియమం కంఠతా వచ్చు, ఎవరికీ ఇంతవరకూ అడ్డం రాలేదు.

టీ700 అడగండి. దుకాణంవాడు ఉందంటే టీ800 అడగండి. అదీ ఉందంటే టీ1000 అని గొణిగి బయటికి వచ్చేయండి. ఇవి జపాన్‌లో టోరే కంపెనీ తన దారాలకు పెట్టుకున్న గ్రేడులు. జిగురులో తడిసిన ఆ దారాల పలచటి షీట్లను వందల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఏ కోణంలో, ఎక్కడ ఎన్ని పొరలు అని చూసుకుంటూ చేత్తోనే పేర్చి, అచ్చులో పెట్టి వేడీ ఒత్తిడీ ఇస్తే ఫ్రేము అవుతుంది. మంచి దారంతో చెడ్డగా పేర్చవచ్చు, మామూలు దారంతో చక్కగా పేర్చవచ్చు. పేర్చే పని, ఫ్రేము మీద ఏ దేశం పేరున్నా, ఎక్కువగా తైవాన్‌లోనో చైనాలోనో జరుగుతుంది. ఇక పైన మెరిసే నేత. పోచంపల్లిలో కంటికి కనబడే నేతే చీర. ఇక్కడ కనబడేది చాలావరకు అలంకారానికి వేసిన పై పొర, బరువు మోసేవి దానికింద మొహం చాటేసి ఉంటాయి. అయినా ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూడకుండా ఉండలేం. నేనూ తిప్పాను.

ఇక అసలు విద్య: స్టాక్, రీచ్. పెడళ్ళ ఇరుసు నడిమి నుంచి హెడ్ ట్యూబు పై అంచు ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్, ఎంత ముందుకు ఉందో అది రీచ్. ఈ రెండు అంకెలే మీరు ఎంత వంగాలో, ఎంత చాచాలో చెబుతాయి. చిన్న విషయమే. అందుకే దీన్ని ఎక్సెల్‌లో పెట్టాలి. నా పట్టికలో పద్నాలుగు ఫ్రేములు, పదకొండు గడులు. రాత్రి పదకొండు దాటాక తెరిచేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి వెనక నిలబడి, "ఏమండీ, లోను లెక్కలా?" అంది. అవునన్నాను. మరీ అంత అబద్ధమేం కాదు.

ఒక ఫ్రేము స్టాక్ 541, ఇంకోదానిది 544. ఆ మూడు మిల్లీమీటర్ల మీద మూడు వారాలు గడిపాను. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ కింద వేసే మామూలు స్పేసరు చక్రమే ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. నేను ముందుకు వంగితే నా వేళ్ళు నేలకు జానెడు ఎత్తులో ఆగిపోతాయి. పొద్దున్న ఒక నడుము, ఆఫీసు నుంచి వచ్చాక ఇంకో నడుము. ఆ రెంటి మధ్య తేడా పెడదామంటే పట్టికలో గడి లేదు. సైకిలును ఒంటికి సరిపెట్టే ఫిట్టింగ్ చేసేవాడి దగ్గర రెండు గంటలు కూర్చుంటే సంగతి తేలిపోతుంది. అందుకే వెళ్ళకండి. తేలిపోతే రాత్రి పదకొండుకి ఏం చేస్తారు?

ఆ పట్టిక తెరిస్తే నాకు హాయిగా ఉండేది, వెటకారం కాదు. ఉద్యోగం ఖరారు, ఫ్లాటు ఖరారు, పిల్లాడి కోచింగు ఖరారు, ఈఎంఐ ఇంకా తొమ్మిదేళ్ళు ఖరారు. నేను ఒక మాటంటే మారే వస్తువు ఇంట్లో ఇంకేదైనా ఉందంటే అవి ఆ పద్నాలుగు వరసలే. కొనేస్తే పదమూడు చెరిపెయ్యాలి. ఏడు నెలలు ఎందుకు పట్టిందని గుంపులో అడిగితే టైరు క్లియరెన్సు గురించి చెప్తాను. ఆ ఏడు నెలల్లో పాత అల్యూమినియం సైకిలు మీద తొక్కింది 412 కిలోమీటర్లు.

టైరు క్లియరెన్సు ఎలాగూ వచ్చింది కాబట్టి: 32 మిల్లీమీటర్ల టైరు పడుతుందా అని మాత్రం చూడకండి. రోడ్డు వేసిన మర్నాడే పైపు కోసం తవ్వే ఊళ్ళో వెడల్పు టైరూ, కాస్త తక్కువ గాలీ ఇచ్చే సుఖం ఏ ఫ్రేమూ ఇవ్వదని తెలిస్తే ఈ వ్యాసమే అక్కర్లేదు.

పెడళ్ళ ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ మరలు తిప్పి బిగించేదైతే వద్దనండి, బేరింగును అదిమి కూర్చోబెట్టేదే కావాలనండి. కిర్రుమనే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందన్న చర్చ లేకపోతే యాభై కిలోమీటర్లు ఏం మాట్లాడుకుంటాం?

బ్రేకు గొట్టాలు ఒక్కటీ కనబడకుండా హెడ్‌సెట్ లోంచి లోపలికి పోవాలి. వానాకాలం పోయాక ఒక్క బేరింగు మార్చడానికి మెకానిక్ బ్రేకు గొట్టాలు కూడా ఊడదీసి, నూనె మళ్ళీ నింపి, మీ మొహం చూడకుండా బిల్లు రాస్తాడు.

పాతది కొంటుంటే పుచ్చకాయను కొట్టి చూసినట్టు రూపాయి బిళ్ళతో అంతటా తట్టండి. పగులున్న చోట చప్పుడు మందంగా ఉంటుందంటారు. నాకు పుచ్చకాయే తెలియదు.

కొత్త సైకిలు ఇంటికి తెచ్చిన రోజున మా నాన్న చూశారు. ఆయన మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ హెర్క్యులిస్ తొక్కారు. ఆ పై కడ్డీ మీద తువ్వాలు చుట్టి మా అక్కనీ నన్నూ ముందూ వెనకా కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవారు. ఈ సైకిలు పై కడ్డీ మీద ఒక స్టిక్కరుంది: ఇక్కడ బిగించకూడదు, కూర్చోకూడదు.

"దీనికి స్టాండేదిరా?"

"ఉండదు నాన్నా."

"క్యారేజీ?"

"పెట్టకూడదు."

"పోనీ గోడకి ఆనించు."

"గీత పడుతుంది."

కాసేపు ఆలోచించారు. "అంటే తొక్కుతున్నంతసేపే దీని ఉపయోగం." మళ్ళీ ఆగి, "తొక్కుతున్నావా?" అన్నారు. నేను రెండు వేళ్ళతో ఎత్తి చూడమన్నాను. ఆయన ఎత్తలేదు.

ఆఖరి మెట్టు రంగు. ఇది ఆఖరిదని ఎవరూ నమ్మొద్దు, మొదటిదీ ఇదే. ఏడు నెలలు చదివి, పద్నాలుగులోంచి ఒకటి ఏరి, సైజు 54 అని తేల్చుకుని, అడ్వాన్సు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. నా సైజు ఉంది, నల్లటిది. పక్కన సైజు 56 ఉంది, కోనసీమ చేలో తెల్లవారుజామున ఉండే ఒక పచ్చ. దుకాణంలోని కుర్రాడు నా కళ్ళు చూశాడు. "స్టెమ్ పొట్టిది వేసేద్దాం సార్" అన్నాడు. నా పట్టిక ఫోన్‌లోనే ఉంది. తియ్యలేదు.

ముందు 100 స్టెమ్ ఉండేది. తర్వాత 90. ఇప్పుడు 80. మెడ ఇంకా పట్టేస్తోంది. ఫిజియోథెరపీ ఆమె రోజూ పది నిమిషాలు గోడకి ఆని నిలబడమంది. 70 స్టెమ్ ఎవరి దగ్గరైనా ఖాళీగా పడివుంటే కబురు పెట్టండి, గండిపేట దారిలో టీకొట్టు, ఆదివారం ఆరున్నర. పచ్చ సైకిలు, గుర్తుపట్టడం కష్టం కాదు.