న్యూట్రల్‌లో నల్లమల

మన్ననూర్‌లో సూర్యుడి కంటే ఫారెస్టు చెక్‌పోస్టు గేటుకు పలుకుబడి ఎక్కువ. రాత్రి 9కి దించిన గేటు పొద్దున 6 దాకా లేవదు. శ్రీశైలం పోయే బండ్లన్నీ అమ్రాబాద్ పులులు డ్యూటీ దిగేదాకా బయట కాచుకోవాల్సిందే.

పుష్యమాసంలో ఆ వరస చూడాలి. లారీ, డీసీఎం, టూరిస్టుల తుఫాను... ఒక్క ఇంజనూ ఆగి ఉండదు. నిలబడ్డచోటే అన్నీ గుడగుడమంటుంటాయి. డ్రైవర్లు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని పక్కనే చాయ్ తాగుతుంటారు. "జర బంద్ చేయొచ్చు కదన్నా" అంటే నా వంక జాలిగా చూస్తారు. "సలికి డీజిల్ గడ్డకడతది సార్."

గడ్డకట్టే చలి లదాఖ్‌ది. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిలు తెచ్చారు. మా మన్ననూర్ చలి మనుషుల్ని వణికిస్తుంది, స్వెట్టర్లు అమ్మిపెడుతుంది. డీజిలు దాకా దాని చెయ్యి పోదు.

ఈ జ్ఞానం నాకు ఫైరింజను నడిపే మా బావ పెట్టిన భిక్ష. సర్కారు కాగితాల్లో ఆయన డ్రైవర్ ఆపరేటర్. మా అక్క లెక్కలో మాత్రం ఊళ్ళో మంటలన్నీ ఆర్పొచ్చి ఇంట్లో పొయ్యి కూడా వెలిగించని మనిషి.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని పదహారో వంతుకో పదిహేడో వంతుకో నొక్కేస్తే, ఆ ఒత్తిడికే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. డీజిలు చిమ్మగానే అంటుకుంటుంది. చలిపొద్దున ఇనుము ఆ వేడిని కాస్తా తాగేస్తుంది కాబట్టి మొదట తెల్లపొగ వస్తుంది, అది కాలని డీజిలే. మరి ఇంజను వేడెక్కాలంటే? పని చెప్పాలంటాడు బావ. నిమిషానికి 600, 700 చుట్లతో ఊరికే తిప్పుతూ కూచుంటే పచ్చికట్టెల పొయ్యిలా పొగ ఎక్కువ, వేడి తక్కువ. ఇంజెక్టర్ల మూతికి మసి పడుతుంది. కాలని డీజిలు గోడల మీదుగా జారి ఇంజనాయిల్‌ను పలచన చేస్తుంది. బీఎస్-6 బండ్లయితే మరీ సుకుమారం. వాటి పొగగొట్టంలో ఉండే ఫిల్టరులో మసి కాలాలంటే పొగ బాగా కాగాలి, న్యూట్రల్‌లో అది కాగదు. పైగా బావ బండిలోలా ఎర్రలైటూ వైర్‌లెస్ సెట్టూ ఆన్‌లో ఉంటే, ఆల్టర్నేటర్ ఆ చుట్లకిచ్చే కరెంటు చాలక బ్యాటరీ దిగుతుంది.

"మరి పొద్దున్నే మీ బండెందుకు మోగిస్తరు?" బావ దొరికిపోయాడనుకున్నాను.

"గాలి కోసం బామ్మర్దీ."

ఎయిర్ బ్రేకుల్లో వెనక చక్రాన్ని పట్టుకునేది స్ప్రింగు, విడిపించేది గాలి. రాత్రంతా సన్నగా కారిపోయిన గాలి తిరిగి ట్యాంకులో నిండితే గాని బండి కదలదు. మీటరు ముల్లు ఐదారు కిలోలకు ఎక్కేదాకా, ఎదురుగా కొంప అంటుకున్నా, డ్రైవరు దాన్నే చూస్తూ కూచోవాలి. అలాంటి గతి పట్టకూడదనే పొద్దున్నే బండి తీసి చూసుకోవడం.

ఓ చలికాలం రాత్రి మా పక్కూళ్ళో గడ్డివాము అంటుకుంది. నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళతో బావ దిగాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పంపును తిప్పే పీటీవో వేసి, యాక్సిలరేటర్ పెంచాడో లేదో ఇంజను గొంతు మారింది, హోస్‌పైపు బిర్రబిగిసింది. కాసేపటికి మంట అణిగింది. కానీ గడ్డివాముది లోగుట్టు వ్యవహారం. పైన ఎంత తడిపినా లోపల రాజుకుంటూనే ఉంటుంది, కర్రలతో లాగి పరిచి మళ్ళీ తడపాలి. ఊరివాళ్ళు లాగే పనిలో ఉండగా బావ ఇంజనును రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి, టర్బో చల్లారాక ఆపేశాడు.

ఊరంతా గగ్గోలు. సైలెన్సర్ దగ్గర చేతులు కాచుకుంటున్న ఇద్దరు ముందు మొత్తుకున్నారు. "బంద్ జేసినవేంది సార్? మల్ల స్టార్ట్ గాకుంటే?" ఒక పెద్దమనిషి ముందుజాగ్రత్తగా తోయడానికి పదిమందిని పోగు చేశాడు. ఫైరింజన్ను! నీళ్ళు సగం అయిపోయాయి కదా, తేలికే అని ఆయన ధీమా. బావ తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పంచెలు ఎగ్గట్టిన పదిమందీ ఉసూరుమన్నారు.

ఇక మిగిలింది ఓ మూల కాస్త నిప్పు. దాని పక్కనే గొంగడి కప్పుకుని కూచున్న ముసలవ్వ లేవలేదు. "మొత్తం ఆర్పకు కొడుకా, ఈడ జర ఉంచు. సలి గాగుతం."

బావ ఆమెను మెల్లగా పక్కకు జరిపి, ఆ మూలకే నీళ్ళు కొట్టాడు. అవ్వ గొంగడి దులుపుకుని లేచింది.

"పించిను పెంచరు, మంటన్న ఉంచరు!"