ఎగుమతి మహోదయుడికి హౌరా సన్మానపత్రం

మహోదయా!

పదవీ విరమణ చేస్తున్న తమకు శాలువా, దండ, జ్ఞాపిక సిద్ధం. ఈ పత్రంలో పేరు రాసేచోటు మాత్రం ఖాళీగా వదిలాం. తమ కుర్చీలో ముందు కూర్చున్నవారికీ, రేపు కూర్చోబోయేవారికీ ఇదే పనికొస్తుంది. అచ్చు ఖర్చు కలిసొస్తుంది.

ఇంజనీరింగ్ ఎగుమతుల ప్రోత్సాహక మండలి 1955లో పుట్టింది. ప్రధాన కార్యాలయం కలకత్తాలోనే. వంతెన దాటితే హౌరా. కానీ మా ఇనుప పోత ఫౌండ్రీలున్న బెలిలియస్ రోడ్డు సందుల్లో కారు తిరగదు కదా! అందుకే భారతీయ టెక్నాలజీ సత్తా కళ్లారా చూడ్డానికి తమరు జర్మనీలోని హానోవర్ దాకా వెళ్లారు. 2015లో అక్కడి ప్రదర్శనకు మనది భాగస్వామి దేశం. ‘మేకిన్ ఇండియా’ పళ్లచక్రాల సింహం గోడగోడనా గర్జించింది. దాని పక్కన తమరూ నవ్వారు.

ఇక రాయితీలు. తమ ముందువారి కాలంలోనే, 1980లో, అమెరికా మన పోత ఇనుప సరుకు మీద రాయితీకి విరుగుడు సుంకం వేసింది. ఢిల్లీలో బయల్దేరిన డబ్బు సముద్రం దాటి వాషింగ్టన్ ఖజానాకు చేరే ఏర్పాటన్నమాట. అంతకు మించిన ఎగుమతి ఏముంది? తర్వాత రాయితీల పేర్లు మారుతూ వచ్చాయి. 2015లో మెయిస్, 2021లో రోడ్‌టెప్. పేరు మారినప్పుడల్లా తమకో సదస్సు, మాకో కొత్త ఫారం.

2007లో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు హౌరాలో ఒక ఫౌండ్రీకి వచ్చారు. న్యూయార్క్ వీధుల మ్యాన్‌హోల్ మూతలు ఎక్కడ పోస్తారో చూద్దామని. కార్మికుల ఒంటి మీద చొక్కాల్లేవు, కాళ్లకు చెప్పుల్లేవు. కరిగిన ఇనుము మోసుకొచ్చి ఇసుక మూసల్లో పోస్తున్నారు. ఫొటోలు చూసి ఉలిక్కిపడ్డ కాన్ ఎడిసన్ విద్యుత్ కంపెనీ, ఇకపై కాంట్రాక్టుల్లో భద్రత షరతు రాస్తామంది. తమ ఫారాల్లో టన్నులకు గడి ఉంది, డాలర్లకు గడి ఉంది. చెప్పులకు లేదు.

టెక్నాలజీ రాలేదని కాదు. కోక్ బొగ్గు తక్కువ తినే కుపోలా కొలిమిని 1998లో టెరీ సంస్థ స్విట్జర్లాండ్ సాయంతో హౌరాలో కట్టి చూపించింది. అది లోపలికొచ్చిన టెక్నాలజీ. తమది బయటికి పంపే శాఖ. తమకేం సంబంధం?

మాన్‌హాటన్‌లో మా మూతల మీదుగా కాఫీ కప్పు పట్టుకుని మన తెలుగు కుర్రాళ్లు ఆఫీసుకు పోతుంటారు. తమ ఉపన్యాసాల్లో వాళ్లూ తమ ఘనతే. 2025లో కొత్త హెచ్‌1బీకి అమెరికా లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మాత్రం అది వేరే శాఖ చూసుకుంటుందన్నారు. మూత నయం, వీసా అడగదు.

తమరు సలహాదారుగా మళ్లీ వస్తున్నారని విన్నాం. సంతోషం. ఆ ఉత్తర్వు చేతికందేలోగా ఒక్కసారి మా ఫౌండ్రీలోకి దయచేయండి. బూట్లు గుమ్మం బయటే విప్పాలి సుమా. గుడి కాదు గానీ, ఇక్కడి ఆచారం అదే.