ద్రాక్షాసంజీవని: ఒక సీసాచీటికి వ్యాఖ్య

మూలము: «శ్రీనివాస ఎస్టేట్. గ్రాండ్ రిజర్వ్. జిన్‌ఫాండెల్ 2022. హస్తనిర్మితము. ఆల్కహాలు 13.47 శాతము.»

అవతారిక: కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంటు పట్టణమునందు నివసించు మా బావగారు, గరాజులో కారు పోగా మిగిలిన చోట వైను సిద్ధపరచి బంధువులకు పంచుచు, ద్రవమునకు పట్టిన శ్రమకంటె దానిపై నంటించు లేబిలునకు పట్టిన శ్రమయే మిక్కిలి యని స్వయముగా సెలవిచ్చినారు గావున, శ్రమ యెచ్చట నున్నదో వ్యాఖ్యయు నచ్చటనే యుండుట న్యాయమని తలచి, నేను సీసాను విడిచి చీటిని పట్టితిని. మూలమున లేనిదానిని వ్రాయనని, అక్కరలేనిదానిని పలుకనని ప్రతినబూని మహాకావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మా మెదకు సీమవాడే యని చెప్పుకొని మురియు మాకు, ఆ ప్రతిన మాత్రము వారసత్వముగా సంక్రమించలేదు.

శ్రీనివాస: సుగమము.

ఎస్టేట్: అమెరికా నిబంధనల ప్రకారము, అమ్మకపు సీసాపై ‘ఎస్టేట్ బాటిల్డ్’ అని వేయవలెనన్నచో, ద్రాక్షతోట ఆ వైను చేయువారిదో వారి యాధీనమునందున్నదో కావలయును, పండ్లు పిండుట మొదలు సీసాల కెత్తుట దాక సమస్తమును వారి యింటనే జరుగవలయును. మా బావగారి ఎస్టేటునందు గలవి రెండు కరివేపాకు కుండీలు, ఒక పుదీనా తొట్టి. రసము ముందే చిక్కబరచినదై, ప్లాస్టిక్ సంచిలో, అట్టపెట్టెలో నింటికి దిగినది. నీరు కలిపి 23 లీటర్లు చేసి, ఈస్టు చల్లి, ఆరు వారములకు 30 సీసాల కెత్తిరి. గంగలో గొల్లపల్లె యన్నచో గట్టుపై నున్నదని గ్రహింపవలయునని ఆలంకారికులు లక్షణావృత్తిని బోధింతురు. ఇచ్చట గట్టును లేదు.

గ్రాండ్ రిజర్వ్: ‘రిజర్వ్’ అను మాటకు ఆ దేశపు సమాఖ్య నిబంధనలలో నిర్వచనమే లేదు. నిర్వచనము లేని పదమునకు అసత్యదోషము తగులదు గనుక, చీటి మొత్తముమీద నిర్దుష్టమైన దిదియొక్కటే.

2022: సంచికి నీరు కలిపిన సంవత్సరము. కాయ యేనాడు కోసిరో సంచి చెప్పలేదు, బావగారు అడుగలేదు.

హస్తనిర్మితము: పాదములతో తొక్కలేదని భావము. ఇంటివారు స్వహస్తములతో మద్యము చేసికొనుట నేటి సరదా కాదు. అర్థశాస్త్రమున ద్వితీయాధికరణపు 25వ అధ్యాయము సురాధ్యక్షునిది. మద్యమును గట్టి రాజశాసనమున బంధించిన ఆ కౌటిల్యుడే, గృహస్థులు శుభకార్యములకు తెల్లని సురను, ఔషధమునకై అరిష్టమును చేసికొనవచ్చునని సడలించినాడు. ఉత్సవములకు, జాతరలకు నాలుగు దినముల వెసులుబాటు వేరుగా నిచ్చినాడు. (ఇద్దరు పెద్దలున్న యింట ఏటికి 200 గాలన్లు పన్ను లేక చేసికొనవచ్చును, అమ్మరాదు, అని నేటి అమెరికా చట్టము, చాణక్యుని చేయి ఇంత పెద్దది కాదు.) మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు తెగలు చెప్పి, మేదకమునకు ద్రోణము నీటికి అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థములు కిణ్వము అని వంటయింటి లెక్క లిచ్చిన ఆ మహానుభావుడు, ద్రాక్షరసముతో నైన మధువునొద్దకు వచ్చుసరికి కొలతలన్నియు మాని, అది పుట్టిన దేశమును చెప్పిన చాలునని, కాపిశాయనము, హారహూరకము అని రెండు పేర్లతో విరమించినాడు. ఆ మొదటిదానికి మూలమైన కాపిశీ నగరము నేటి ఆఫ్ఘనిస్తానములోని బెగ్రాము. పాణిని యంతటివాడు దానికై ప్రత్యేకముగా నొక సూత్రమునే వ్యయపరచినాడు. సూత్రమునందు అర్ధమాత్ర తగ్గినచో పుత్రోత్సవమువలె సంతసించు వైయాకరణులు ఒక ద్రాక్షసీమకు పూర్ణసూత్ర మిచ్చిరన్నచో, అచటి పంట యెట్టిదై యుండవలయును! కాపిశి గాలి, కాపిశి యెండ, కొండచరియలపై కాపిశి తీగ... చీటిని మరచితిని.

13.47: హైడ్రోమీటరుతో మొదట, చివర సాంద్రత కొలిచి, భేదమును 131.25చే గుణించుట పద్ధతి. ఆ గాజుపుల్లపై చదువుటలో 0.001 తప్పిన శాతమున 0.13 తప్పును. అమ్మకపు వైనుకే, 14 శాతము మించనంతవరకు, ఒకటిన్నర శాతము అటునిటుగా చట్టము క్షమించును. దశాంశముపై రెండవ స్థానము శాస్త్రము కాదు, అలంకారము.

చీటి జిగురు: వెనుక పాలు పూసి అంటింతురు. గృహనిర్మాతలలో నిది ప్రసిద్ధమైన యుపాయము. ఆరినపిదప పట్టును, నీట నానబెట్టిన సులువుగా ఊడును. క్షీరసాగరమున వారుణి జనించెనని పురాణము. ఫ్రీమాంటున వారుణి గాజునందు, క్షీరము కాగితము వెనుకను నిలిచినవి. సీసాను మంచునీటి బాల్చీలో నుంచగా చీటి జారినది. ఇంకుజెట్టు సిరా కరగి, చిహ్నమునందలి యేనుగులు రెండును నీలపునీరైనవి.

వెనుకచీటి: ఇందు చెర్రీపండు, పొగాకు, పాతతోలు పరిమళింపగలవని ఎనిమిది పంక్తులు గలవు. గుడ్డుకూడ ముట్టని యింట తోలు వాసనను గొప్పగా చాటుట యెట్లున్నను, ద్రాక్షారిష్టమువంటిదే గదా యని చెంచాడు పుచ్చుకొన్న మా పిన్ని, “ఇందులో ఇంకేమీ కలపలేదు గదా, నాయనా?” అని యడిగినది. “ద్రాక్షే, అత్తయ్యగారూ, అంతా చీటీ మీదే ఉంది” అని బావగారు. తరువాత అట్టపెట్టెలోని సూచనాపత్రమును నేను చదివితిని. మడ్డి తేర్చుటకు పోసిన చిన్నపొట్లము ఐసింగ్లాసు. చేపల గాలితిత్తినుండి తీయు పదార్థము. తేరినపిదప అది అడుగునకు దిగును, వైనును పైనుండి వంచుకొందురు, నిజమే; కాని పిన్ని యడిగినది కలిపినదానిని గూర్చి. రెండు చీటీలు, బంగారు అంచు, ఏనుగులు, తోలు, పొగాకు, ఇన్నింటికి చోటు దొరకినది, చేపకు దొరకలేదు.

మా అక్క ఆవకాయ జాడీపై తెల్లపట్టీ యంటించి, పెన్నుతో ‘మే, నువ్వులనూనె, వెల్లుల్లి లేదు’ అని వ్రాయును. వెల్లుల్లి తిననివారెవ్వరును ఆమె యింట ప్రశ్న వేయవలసిన పని లేదు. అట్టి పట్టీ యొకటి సీసాకును వేయుడు, కలిపిన దినము, సీసాకెత్తిన దినము, పోసిన పొట్లముల పేర్లు చాలునని నేను బావగారికి విన్నవించితిని. ఆయన సావధానముగా విని, కంప్యూటరు తెరను నావైపు త్రిప్పి, “అది సరే గానీ, వచ్చే విడతకి ఏనుగులు తీసేసి హంసలు పెడితే ఎలా ఉంటుందంటావు?” అనిరి.