990 గ్రాముల ఉద్యోగం

ఈమధ్య ల్యాప్‌టాప్ ప్రకటన చూస్తే నగల కొట్టు ప్రకటన చూసినట్టే ఉంటుంది. అంతా గ్రాముల లెక్కే. కాకపోతే బంగారం బరువు పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది, ల్యాప్‌టాప్ బరువు తగ్గే కొద్దీ ధర పెరుగుతుంది.

ఈ విద్యలో స్టీవ్ జాబ్స్ ఆరితేరినవాడు. 2008 జనవరిలో ఆయన కాగితం కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి లాగితే హాలంతా చప్పట్లు. బరువు 1.36 కిలోలు, ధర 1,799 డాలర్లు. డీవీడీ డ్రైవ్ పీకేశారు, నెట్ కేబుల్ పెట్టే చోటు మూసేశారు. అవి కావాలంటారా? డ్రైవ్ విడిగా 99 డాలర్లు, కేబుల్ అడాప్టర్ 29. తీసేసినందుకు ఒక ధర, తిరిగిచ్చినందుకు ఇంకో ధర! మన షావుకార్లకు ఇన్నాళ్ళూ ఈ ఆలోచనే రాలేదు.

పోయిన ఆడి నెలలో ఒక ఆదివారం మా బావమరిది చెన్నై నుంచి పెరియపాళయం వచ్చాడు. మా చెల్లెలికి భవానీ అమ్మవారి దగ్గర వేపాకు చీర కట్టుకునే మొక్కుంది. ఆమె గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే ఈయన పూలకొట్టు బల్ల మీద కూర్చుని కొత్త ల్యాప్‌టాప్ తెరిచాడు. అవతల మేనేజరు లైన్లో ఉన్నాడు. మధ్యమధ్యలో మ్యూట్ నొక్కి నాకు దాని గొప్పలు చెబుతున్నాడు. బ్యాటరీ 18 గంటలట, ‘వరకు’ అన్న చిన్న మాట అడుగున ఉంది. మిలిటరీ గ్రేడట, ఏ మిలిటరీవాడూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు, కంపెనీయే పరీక్ష పెట్టుకుని కంపెనీయే పాసైపోవచ్చు. ర్యామ్ బోర్డుకే అతికించేశారు, రేపు చాలకపోతే ల్యాప్‌టాపే మార్చాలి. కుడిపక్క కంట్రోల్ మీట తీసేసి, అక్కడ కృత్రిమ మేధను పిలిచే మీట పెట్టారు. మేనేజరును పంపించేసే మీట మాత్రం ఇంకా రాలేదు.

“అన్నిటికన్నా బరువు చూడు బావా, 990 గ్రాములు!” అన్నాడు. కొట్టు అక్క మల్లెపూలు పక్కకు నెట్టి దాన్ని కాటా మీద పెట్టింది. నిజమే. తర్వాత బ్యాగులోంచి ఛార్జరు వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి హబ్, ప్రొజెక్టరుకు ఇంకో అడాప్టర్, మౌసు, దెబ్బ తగలకుండా కవరు. కాటా 1,800 దాటింది.

“మేం పూలు తడిపి తూస్తే మోసమంటారు నాయనా. వీళ్ళు సగం దాచిపెట్టి తూశారే!” అంది.

నాకు అంతకన్నా పెద్ద మోసం ఒకటి కనిపించింది. 1981లో వచ్చిన ఆస్బోర్న్-1 కంప్యూటరు బరువు దాదాపు 11 కిలోలు. దాన్ని మోసుకుని గుడికి రమ్మని ఏ మేనేజరూ అడిగి ఉండడు. మొన్నమొన్నటిదాకా “ఆఫీసులోనే వదిలేసి వచ్చాను సార్” అంటే చెల్లేది. 990 గ్రాములకు దిగాక ఆ సాకు కూడా పోయింది. చెల్లెలు ప్రదక్షిణం ముగించి, బట్టలు మార్చుకుని, పొంగలి దించేసింది. ఈయన కాల్ మాత్రం ముగియలేదు.

చివరికి మేనేజరు ఒక కాగితం మీద సంతకం చేసి స్కాన్ పంపమన్నాడు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్ళాం. అక్కడ పనిచేస్తున్నది అమ్మ ఇచ్చిన ల్యాప్‌టాప్. 2011 సెప్టెంబర్ 15న జయలలిత ఈ జిల్లాలోనే, కాక్కళూరులో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం తాలూకుది. మూత మీద బొమ్మ సగం చెరిగింది. బరువు రెండు కిలోల పైమాటే, ఫ్యాను పిండిమరలా మోగుతోంది. అయితే చుట్టూ అన్ని రంధ్రాలూ ఉన్నాయి. బావమరిది హబ్ పూలకొట్లోనే మరిచిపోయాడు. ఫైలును ఫోన్లోకి, ఫోన్లోంచి వాట్సాప్‌లో షాపాయనకు పంపాడు. ఆయన ప్రింటు తీశాడు, సంతకం అయ్యాక స్కాన్ చేసి తిరిగి పంపాడు.

“పది రూపాయలు” అన్నాడు షాపాయన. తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి స్క్రూలు యాడున్నాయి సామీ?” అని అడిగాడు.