చెరువుగట్టు విదేశాంగ శాఖ

ప్రత్యామ్నాయ మార్కెట్లు చూసుకోవాలట. ఒక్క దేశాన్నే నమ్ముకుని కూర్చోకూడదట. అమెరికా సుంకాలు పడ్డాక, 2025 ఆగస్టు నుంచి ఈ మాట ఢిల్లీలో అంటున్నారు, అమరావతిలో అంటున్నారు, మైకు దొరికిన ప్రతి సదస్సులోనూ అంటున్నారు. దీపావళి నాడు ఆస్ట్రేలియా మన రొయ్యకి తలుపు ఓరగా తీసిందని కబురు వచ్చేసరికి మళ్లీ అందరూ అదే పాట అందుకున్నారు. ఇంతకీ ఆ మాట ఎవరి నెత్తిన పడుతోందా అని చూస్తే, భీమవరం అవతలో, పాలకొల్లు ఇవతలో, అమలాపురం దగ్గరో మూడెకరాలు లీజుకి తీసుకుని వనామి రొయ్య వేసినవాడు కనపడ్డాడు. అంటే చూసుకోవలసింది అతగాడేనన్నమాట.

పెద్దల మాట కాదంటామా? ఆయ్, అనమండి. గోదావరి వాళ్లం, మర్యాద మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకని ఆలస్యం చెయ్యకుండా మా ఊరి చెరువు గట్టు మీదే విదేశాంగ శాఖ పెట్టేశాం.

ఆఫీసు మేత షెడ్డులో. సగం బస్తాలు, సగం అంతర్జాతీయ వ్యవహారాలు. బోర్డు రాయించడం దండగని ఖాళీ మేత బస్తా ఒకటి కోసి, లోపలివైపు రాసి వేలాడదీశాం. విదేశాంగ మంత్రి మా బాబాయి. ఆయనకి అర్హత లేకపోలేదు. కొన్నేళ్లు మస్కట్‌లో డ్రైవరుగా చేసొచ్చారు, కోపం ముదిరితే ఇప్పటికీ అరబ్బీలోనే తిడతారు. వాణిజ్య శాఖ పిన్నికిచ్చాం. ఆవిడ ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యల తలలు తీసే పనికి వెళ్తుంది కాబట్టి ఏ పెట్టె ఏ దేశానికి పోతుందో మా అందరిలోకీ ఆవిడకే తెలుసు. కాపలా కుర్రాడికి హాట్‌లైన్ అప్పగించాం. తెల్లారగట్ల రెండింటికి చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, వాడు ఎలాగూ లేచి ఏరియేటర్లు చూసుకోవాలి. మనకి రెండు కొట్టేసరికి వాషింగ్టన్‌లో సాయంత్రం నాలుగున్నర, అక్కడి అధ్యక్షులవారికి చేతిలో ఫోను ఉండే వేళ. ఒకే మెలకువకి రెండు డ్యూటీలు. ఇక్కడ రొయ్యలు తేలాయా, అక్కడ కొత్త సుంకం తేలిందా అని రెండూ చూసుకుని మళ్లీ నడుం వాలుస్తాడు.

మొదటి సమావేశంలో లెక్కలు తీశాం. 2024-25లో ఇండియా నుంచి అమెరికా వెళ్లిన ఫ్రోజెన్ రొయ్య 3,11,948 టన్నులు. ఇది మా లెక్క కాదు, కొచ్చిలో కూర్చున్న సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వారిది. అదే ఏడాది చైనాకి వెళ్లింది 1,36,164 టన్నులు, యూరోపియన్ యూనియన్‌కి 99,310, జపాన్‌కి 38,917. అమెరికాని పక్కన పెడితే దాని చోట్లో ఏం పెట్టాలో పిన్ని బస్తా మీద బొగ్గుతో రాసి తేల్చింది. ఇంకొక చైనా, ఇంకొక యూరప్, ఇంకో రెండు జపాన్‌లు. ఇవి దొరికితే చాలు, సరిగ్గా సరిపోతుంది. వెయ్యి టన్నుల పైచిలుకు గిరాకీ కూడా మిగులుతుంది, వచ్చే పంటకి ధైర్యంగా సీడు వేసుకోవచ్చు. వెంటనే తహసీల్దారు గారికి అర్జీ పెట్టుకున్నాం. జపాన్‌లు రెండూ పక్కపక్క సర్వే నంబర్లలో ఇప్పిస్తే కరెంటు లైను లాగడం తేలికని వినయంగా మనవి చేశాం. ఫైలు నడుస్తోందన్నారు.

రష్యా సంగతి కొంచెం సున్నితం. అమెరికా మన మీద వేసిన యాభై శాతం సుంకంలో మొదటి పాతిక ఆగస్టు 7న పడింది. రెండో పాతిక ఆగస్టు 27న, రష్యా చమురు కొన్నందుకు జరిమానాగా. ఇది వినగానే బాబాయి షెడ్డు వెనక జనరేటరు దగ్గరికెళ్లి, ట్యాంకు మూత తీసి, వంగి వాసన చూశారు. రష్యాదో కాదో తేలలేదు. సరే, నెలకి ఎన్ని లీటర్లు పోశామో మా దగ్గర పుస్తకం ఉంది, దాని వంతు జరిమానా ఎంతో చెబితే అంతా కట్టి రసీదు తీసుకుంటామని వైట్‌హౌస్‌కి జాబు రాశాం. చమురు అమ్మినవాళ్లకి సొమ్ము ముట్టింది, చౌకగా కొని శుద్ధి చేసినవాళ్లకి మిగులు ముట్టింది, బిల్లు మాత్రం వనామి పేరున వచ్చింది. పోనీ వనామి ఎవరిది? మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంతూరు. 2009లో మన ప్రభుత్వం సరేనంటే ఇక్కడికొచ్చింది. పుట్టింటి వైపు వెళ్లడానికి ఇంత సుంకం ఏ ఆడపడుచూ కట్టి ఉండదు.

ఇక పోటీదారు ఈక్వెడార్. వాళ్లకి అప్పట్లో 15 శాతం. మనకి పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలుపుకుంటే 58 దాటింది. దీనికి కాపలా కుర్రాడు మహత్తరమైన ఉపాయం చెప్పాడు. ఈక్వెడార్ వాళ్లని ఎలాగోలా బతిమాలి రష్యా చమురు కొనిపిస్తే, వాళ్లకీ పాతిక పడుతుంది కదండీ అని. మంత్రివర్గం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంటర్ చదువుతున్న మా చెల్లెలు ఫోనులో చూసి, ఈక్వెడార్‌కి సొంత చమురు బావులున్నాయి, వాళ్లే బయటికి అమ్ముకుంటారు అని చెప్పేదాకా ఆ పథకం ఏకగ్రీవంగా ఆమోదంలోనే ఉంది.

యూరప్‌తో సంబంధాలు మర్యాదగా ఉన్నాయి. సెప్టెంబరులో మన దేశంలో ఇంకో 102 యూనిట్లకి ఎగుమతి అనుమతి ఇచ్చారు, సంతోషం. అయితే చెరువు రొయ్య పెట్టెల్లో సగానికి సగం ఆపి యాంటీబయాటిక్ జాడ వెతకడం 2016 నుంచీ వాళ్ల ఆనవాయితీ. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకాలయ్యాయి, రొయ్య మీద సుంకం ఎత్తేస్తామన్నారు. ఎప్పుడంటే, అక్కడ పార్లమెంటు ముచ్చట తీరాక. మా చెరువుకి అంత ఓపిక ఉందో లేదో కనుక్కుని చెప్తామన్నాం.

అన్నిటికంటే ఆస్ట్రేలియా దౌత్యమే ఊపుగా నడిచింది. తెల్లమచ్చ వైరస్ భయంతో తొక్క తీయని మన రొయ్యని వాళ్లు ఏళ్ల తరబడి గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు మొదటి అనుమతి ఇచ్చారు, షరతులతో. జబ్బు లేదని కాగితం ఉండాలి, గడ్డకట్టించాలి, వీపులో పేగు తీసెయ్యాలి. బాబాయి ఆ రోజు నుంచే మా రొయ్యలకి వీసా ఇంటర్వ్యూ శిక్షణ మొదలెట్టారు. చెక్ ట్రే పైకి లాగడం, వరసగా అడగడం. మీ వంశంలో ఎవరికైనా తెల్లమచ్చ సోకిందా? మిమ్మల్ని గతంలో ఏ దేశమైనా తిప్పి పంపిందా? అక్కడికెళ్లాక తిరిగొచ్చే ఉద్దేశం ఉందా? మూడో ప్రశ్నకి మాత్రం ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు.

విదేశీ ప్రతినిధులు వస్తే ఏర్పాట్లకి లోటు లేదు. ఆత్రేయపురం పూతరేకు, తాపేశ్వరం కాజా, కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద నరసాపురం లేసు. (లేసుకీ ఇదే సుంకం పడింది. ఆ అల్లేవాళ్ల శాఖ పక్క ఊళ్లో పెట్టుకున్నారు, సరిహద్దు తగాదా ఉందని మేం కలగజేసుకోవడం లేదు.) ఒప్పందం కుదిరితే మేత బస్తా మీదే సంతకాలు, కాటా కింద పెడితే ఎగిరిపోదు.

మా శాఖకి చారిత్రక విభాగం కూడా ఉందండోయ్. ఒకప్పుడు ప్రత్యామ్నాయ మార్కెట్లు వెతుక్కుంటూ ఓడలెక్కి వాళ్లే ఇక్కడికొచ్చారు. పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లిషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు. మన నేత బట్ట లోకమంతా తిరిగింది. నేసినవాడు బయానా పుచ్చుకుని మగ్గం దగ్గరే ఉండిపోయాడు. ధర కంపెనీ గిడ్డంగిలో కట్టారు. ఆ విభాగం ఫైలు తిరగేసినప్పుడల్లా బాబాయికి ఎందుకో అరబ్బీ వచ్చేస్తోంది.

ఇంతకీ ఇన్ని ఖండాల్ని ఏలిన మా శాఖ పట్టుబడి రోజున గంటలో రద్దయిపోయింది. చీకటి ఉండగానే ఐసు పెట్టెల బండి వచ్చి గట్టు మీద ఆగింది. ఏజెంటు గారు దిగారు, కాటా దించారు, ఫోను చూసుకున్నారు.

“రేటు తగ్గిందండి బాబాయి గారూ. పైనుంచే.”

“ఏ పైనుంచండి?”

“అమెరికా అండి. సుంకం వేశారు కదండీ.”

“మాది వంద కౌంటు కదండీ?”

“అయితే ఏంటండీ, సుంకం సుంకమే కదండీ.”

ఇక్కడితో నాకు వ్యంగ్యం అయిపోయింది.

కిలోకి వంద తూగే ఆ చిన్న రొయ్య చాలావరకు అమెరికా మొహం చూడదు. అక్కడికి ఎక్కువగా పోయేది పెద్ద సైజు, యాభైకి లోపు కౌంటు. ఈ సంగతి ఏజెంటుకి తెలుసు, ప్లాంటు యజమానికి తెలుసు, సమీక్షలు పెట్టే అధికారులకి తెలుసు. అయినా అమెరికాలో సుంకం మాట వినపడిందో లేదో ఇక్కడ వంద కౌంటు దగ్గర్నుంచి ముప్ఫై కౌంటు దాకా అన్ని రేట్లూ ఒకేసారి కిందికి దిగుతాయి. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో ఎవరూ మర్చిపోలేదు. 2వ తేదీన ట్రంప్ 26 శాతం అన్నాడు. 9వ తేదీన దాన్ని తొంభై రోజులు వాయిదా వేశాడు. ఆ మధ్యలోనే గట్టు మీద ధర కూలిపోయింది. ఆ 26 శాతం ఒక్క రోజుకి మించి అమల్లో లేదు, తగ్గించిన రేటు మాత్రం అమల్లోనే ఉండిపోయింది. అంతకుముందే పట్టుకుపోయి కోల్డ్ స్టోరేజీల్లో దాచుకున్న సరుకు ఎవరికి లాభం తెచ్చిందో అడిగినవాడు లేడు. పడేటప్పుడు ఒక్క పూటలో పడిన ధర, వాయిదా కబురు వచ్చాక అంత తొందరగా ఎందుకు లేవలేదో చెప్పినవాడూ లేడు.

సెప్టెంబరులో ముఖ్యమంత్రి కేంద్రానికి రాశారు. సగం ఆర్డర్లు రద్దయ్యాయి, పాతిక వేల కోట్ల నష్టం, రెండున్నర లక్షల ఆక్వా కుటుంబాలు అని. మంచిది. ఆ పాతిక వేల కోట్లలో ఎవరి వంతు ఎంతో కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది. సుంకం చట్టప్రకారం కట్టేది అక్కడి దిగుమతిదారు. అతను ఇక్కడి ఎగుమతిదారు మీదకి నెడతాడు, ఎగుమతిదారు ఏజెంటు మీదకి, ఏజెంటు గట్టు మీదకి. గట్టు అవతల నెట్టడానికి నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆ నీళ్లలో ఉన్నది ఆగే సరుకు కాదు. నెలల తరబడి పెంచిన రొయ్యకి ఇంకో వారం ఆగితే మేత ఖర్చు, కరెంటు ఖర్చు, ఈలోగా తెల్లమచ్చో విబ్రియోనో తగిలితే చెరువు మొత్తం గల్లంతు. గట్టు మీద కోల్డ్ స్టోరేజీ లేదు. చేతిలో ఉన్నది అప్పు కాగితం, లీజు కాగితం. వాడికి రెండో కొనుగోలుదారే లేడు, రెండో దేశం ఎక్కడిది? ఎగుమతిదారులకి ఎంపెడా ఉంది, సంఘాలున్నాయి, మంత్రుల వెంట విమానమెక్కే ప్రతినిధి బృందాలున్నాయి. ఆస్ట్రేలియా తలుపు తెరవడం మంచి పనే, తెరిచినవాళ్లకి నమస్కారం. కానీ ఆ తలుపులోంచి వచ్చే డాలరు ఏ దారిన నడిచి గట్టు దాకా వస్తుందో ఒక్కరైనా చెప్పారా? 2024 బడ్జెట్‌లో కేంద్రం రొయ్యల మేత మీద, తల్లి రొయ్యల మీద దిగుమతి సుంకం 5 శాతానికి దించింది. మేత బస్తా ధర ఆ వేగంతో దిగిందా? మేత కంపెనీలని రేటు తగ్గించమని సమావేశాలు పెట్టి బతిమాలాల్సి వచ్చింది. పెంచడానికి ఎవరూ ఎవర్నీ బతిమాలరు.

2011లో కోనసీమ వరి రైతు విసిగిపోయి పంట విరామం ప్రకటిస్తే దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర అదే మాట వినపడుతుంటే, వైవిధ్యం పెంచుకోండి, దేశీయ వినియోగం పెంచండి, కొత్త దేశాలు చూసుకోండి అని ఉపన్యాసాలిస్తున్నారు. కొత్త దేశాల సంగతి తరవాత. ఏ కౌంటు ఏ దేశానికి ఎంతకి అమ్ముడైందో, అదే రోజు గట్టు మీద ఎంతకి కొన్నారో, రెండు రేట్లూ పక్కపక్కన వేసి వారం వారం మార్కెట్ కమిటీ గోడ మీద అంటించండి. ఆ పట్టిక కట్టినవాడి పేరు కింద రాయండి. ఎవడో పైనుంచి అన్నాడని కాదు, పేరు రాయండి. ఆ తరవాత మా మూడెకరాల లీజుదారుడి కళ్లలోకి చూసి, వంద కౌంటు మీద సుంకం వేసిన దేశం ఏదో చెప్పండి.