ఛాందస పార్టీని కనిపెట్టే చిట్కాలు

రాష్ట్రంలో ఏ పార్టీకి ఛాందసం ఎక్కువో తేల్చాలంటే పెద్ద చదువులేమీ అక్కర్లేదు. రాయచోటిలో ఒక టీ అంగడి, ముందర ఒక బెంచీ ఉంటే చాలు. మేనిఫెస్టోలు ముట్టకండి, కళ్లు పాడవుతాయి. ముందు బట్టలు చూడండి. కాషాయం కడితే ఛాందసుడు, ప్యాంటు తొడిగితే అభ్యుదయవాది. ఈ లెక్కన ఎన్.టి. రామారావు పరమ ఛాందసుడు. ఆయన 1982లో పెట్టిన తెలుగుదేశం పార్టీయే 1984లో కరణం, మునసబుల వ్యవస్థను ఊడబెరికిందనీ, 1986లో చట్టం తెచ్చి అప్పటికి పెళ్లికాని ఆడబిడ్డలకు పిత్రార్జితంలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చిందనీ, దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టిందనీ ఎవరన్నా నసిగితే, టీ డబ్బులు వాళ్ల చేతే కట్టించండి.

కొలబద్ద మాత్రం అమెరికా నుంచి తెప్పించుకోండి. సర్కారు ఖర్చు తగ్గించమనేవాడు అక్కడ కన్సర్వేటివ్. అదే బద్ద ఇక్కడ పెడితే రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చిన కాషాయధారి కమ్యూనిస్టుగా తేలతాడు. నవరత్నాల పథకాల వైఎస్సార్సీపీ వాళ్లూ, సూపర్ సిక్స్ హామీల తెలుగుదేశం వాళ్లూ ఆయన పక్కనే సర్దుకుంటారు. రాష్ట్రంలో కన్సర్వేటివన్నవాడు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. అప్పుడు బద్దను అనుమానించకండి, ఊరిని అనుమానించండి.

తరవాత తేదీలు. ఈ ఊళ్లో వీరభద్రస్వామి గుడికి పోయేవాళ్లున్నారు, శుక్రవారం నమాజుకు పోయేవాళ్లున్నారు. ఎవరి ముందు ఏ తేదీ తీయాలో తెలిసుండాలి. వైఎస్సార్సీపీని ఉదారవాదిగా చూపించాలంటే 2025 ఏప్రిల్ తీయండి, వక్ఫ్ సవరణ బిల్లును లోక్‌సభలో వ్యతిరేకించింది. ఛాందసమని తేల్చాలంటే 2019 డిసెంబరు తీయండి, పౌరసత్వ సవరణ బిల్లుకు ఓటేసింది. తెలుగుదేశం ఆ రెండు బిల్లులకూ సరేనంది. అదే పార్టీ 2024 ఎన్నికల్లో బీజేపీ పక్కన నిలబడి మరీ, ముస్లింల 4 శాతం రిజర్వేషన్ కదపబోమని చెప్పింది. పవన్ కల్యాణ్ 2019లో సీపీఐ, సీపీఎం, బీఎస్పీలతో కలిసి ఓట్లడిగాడు. 2024 అక్టోబరు 3న తిరుపతిలో సనాతన ధర్మం కోసం వారాహి డిక్లరేషన్ ప్రకటించాడు. ఒక మనిషి దగ్గర ఒక్క తేదీయే వాడండి. కువైట్ నుంచి అల్లుడు ఫోన్ చేసి "ఏం మామా, ఆపొద్దు అట్లంటివి, ఈపొద్దు ఇట్లంటివి?" అంటే "సిగ్నల్ సరిగ్గా లేదు నాయనా" అని పెట్టేయండి.

మందు ఊసు ఎత్తకుండా ఉండలేరు కాబట్టి అదీ చెబుతా. 1995లో నిషేధం పెట్టిందీ తెలుగుదేశమే, 1997లో ఎత్తేసిందీ తెలుగుదేశమే. 2019లో దశలవారీగా నిషేధిస్తామన్న వైఎస్సార్సీపీ సర్కారు తానే అంగళ్లు తెరిచి అమ్మింది. 2024లో మళ్లీ వచ్చిన తెలుగుదేశం 99 రూపాయలకే క్వార్టర్ దింపింది. ఇందులో నాకు కనబడేది ఖజానా ఒక్కటే. మీరు మాత్రం సిద్ధాంతమనే అనండి, బరువుగా ఉంటుంది.

ఇక బస్సుల సంగతి. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అప్పటి రవాణా మంత్రి ఈ ఊరి ఎమ్మెల్యే మండిపల్లి రాంప్రసాద్ రెడ్డే. "ఆడోళ్లకు ఊర్లు తిరిగే పనేముందబ్బా" అని బెంచీ మీద గొణిగేవాళ్లను లెక్కలోకి తీసుకోకండి. వాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, మీ పట్టిక చెడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వైపు పోకండి. తండ్రి పొలంలో నాకు వాటా అక్కర్లేదని హక్కు విడుదల పత్రం రాసివ్వడానికి ఆ ఉచిత బస్సులోనే కూతుళ్లు దిగుతుంటారు. పసుపు కుంకుమల కింద ఒక చీర, చేతిలో కాస్త డబ్బు. పొలం పనులకు అరిగిన బొటనవేలు యంత్రం మీద పడకపోతే, అన్న తువ్వాలు తడిపి తుడిచి మళ్లీ పెట్టిస్తాడు. సాక్షి సంతకాలకు వచ్చిన ఇద్దరిలో ఒకడు సైకిలు పార్టీ, ఇంకొకడు ఫ్యాను పార్టీ. పోలింగు నాడు కొట్టుకున్నవాళ్లే, ఇక్కడ ఒకే పెన్నుతో సంతకం పెడతారు. 1986 నాటి చట్టం మా పార్టీ తెచ్చిందని సైకిలు పార్టీవాడు గుర్తుచేయడు, చేస్తే సాక్షిగా పిలవరు. ఏ పార్టీ ఎంత ఛాందసమో వరస కట్టాలనుకునేవాళ్లు ఆ గడప తొక్కితే, అన్నిటికీ ఒకే మార్కు వేయాల్సి వస్తుంది.